పాత పీసీకి లైనక్స్ తాళం: థిన్ క్లయింట్లలో అసలు కాపలా ఎక్కడుండాలి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలంటుంది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలు అంటుంది. దాంతో చిన్న ఆఫీసులకు కొత్త తలనొప్పి పట్టుకుంది. మెషీన్లు బాగానే నడుస్తున్నాయి కాబట్టి పారేయడానికి మనసొప్పదు. అలాగని సెక్యూరిటీ అప్‌డేట్లు రాని విండోస్‌లో ఊళ్లోవాళ్ల ఖాతాలు తెరవాలంటే టెన్షన్. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "వాటిలో లైనక్స్ వేసి, అన్నీ లాక్ చేసి, రిమోట్ డెస్క్‌టాప్‌తో సర్వర్‌కి కలిపేస్తే అయిపోతుందిగా!"

అయిపోతుంది, నిజమే. చిక్కంతా ఆ "అన్నీ లాక్ చేసి" దగ్గరే ఉంది. బల్ల మీది మెషీన్‌కి (థిన్ క్లయింట్, లేదా ఉత్త క్లయింట్ అనేది దీన్నే) వారం రోజులు కూర్చుని తాళాలు వేస్తారు. డేటా ఉన్న సర్వర్‌ని మాత్రం డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో వదిలేస్తారు. లాకర్ గదిని వదిలేసి సైకిల్ స్టాండుకి కాపలా పెట్టినట్టు ఉంటుంది ఆ ఏర్పాటు. క్లయింట్‌ని లాక్ చేయొద్దని నేననను, చేయాలి. అయితే దానివల్ల వచ్చే లాభం డేటా భద్రత కంటే వేరే ఉంది. అదేమిటో తెలిస్తే ఎక్కడ ఎంత శ్రమ పెట్టాలో కూడా తెలుస్తుంది.

ఇరవై మంది పనిచేసే ఒక ఆడిటర్ ఆఫీసుని ఉదాహరణగా పెట్టుకుందాం. టాలీ, ఎక్సెల్, బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్, అప్పుడప్పుడూ తెలుగులో ఒక లెటర్. ఈ పద్ధతికి అచ్చంగా సరిపోయే ఆఫీసు, దీనిలోని చిక్కులన్నీ ఎదురయ్యే ఆఫీసు కూడా.

తెర ఇక్కడ, పని అక్కడ

థిన్ క్లయింట్ అసలు పనేమీ చేయదు. టాలీ నడిచేది, ఎక్సెల్ తెరుచుకునేది, ఫైళ్లు ఉండేది అంతా సర్వర్‌లోనే. ఇక్కడి నుంచి అక్కడికి నొక్కిన కీలు, మౌస్ కదలికలు వెళ్తాయి. అక్కడి నుంచి ఇక్కడికి తెర మీది బొమ్మ, కాస్త సౌండ్ వస్తాయి. విండోస్ సర్వర్ అయితే ఈ రాకపోకలు ఆర్‌డీపీ అనే ప్రోటోకాల్ మీద, మామూలుగా 3389 పోర్టులో జరుగుతాయి. తెరలో మారిన భాగాన్ని మాత్రమే కుదించి పంపుతుంది కాబట్టి టాలీలో ఎంట్రీలు కొట్టేటప్పుడు నెట్ పెద్దగా ఖర్చవదు. అదే సెషన్‌లో వీడియో పెడితే తెర మొత్తం క్షణక్షణం మారుతుంది, అప్పుడు సర్వర్ ప్రాసెసర్, నెట్ రెండూ ఆయాసపడతాయి. మామూలు ఆఫీసు పనికి బ్యాండ్‌విడ్త్ కంటే ఆలస్యమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కీ నొక్కాక అక్షరం కనబడటానికి రెండు వందల మిల్లీసెకన్లు పట్టిందంటే, స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ చూపించినా అకౌంటెంట్ విసుక్కుంటాడు. క్లౌడ్‌లో సర్వర్ అద్దెకు తీసుకునేటప్పుడు అది ఏ దేశంలో ఉందో ముందే అడగాలి.

ఈ ఆలోచనేమీ కొత్తది కాదు. ఒకచోట నడిచే ప్రోగ్రామ్‌ని ఇంకోచోట తెర మీద చూపించే ఎక్స్ విండో సిస్టమ్ 1984లోనే ఎంఐటీలో పుట్టింది. మైక్రోసాఫ్ట్ 1998లో ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్ తెచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్ సన్ రేలు వచ్చింది 1999లో. పాత పీసీలను ఒకే లైనక్స్ సర్వర్‌కి తగిలించే ఎల్‌టీఎస్‌పీ ప్రాజెక్టు మొదలైందీ ఆ ఏడాదే. మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 హైస్కూళ్లకు ఎన్‌కంప్యూటింగ్ కంపెనీ పరికరాలతో పెట్టిన కంప్యూటర్ ల్యాబులు. ఒక పీసీని పలువురు పిల్లలు, ఒక్కొక్కరు ఒక్కో మానిటర్ ముందు కూర్చుని పంచుకునే పద్ధతి అది. ఖర్చు కలిసొస్తుంది. ఆ ఒక్క పీసీ పడుకుంటే మాత్రం దాని మీద ఆధారపడ్డ మానిటర్లన్నీ నల్లబడతాయి. పాతికేళ్లుగా ఈ లెక్క మారలేదు.

మారిందల్లా క్లయింట్ వైపు. ఆర్‌డీపీకి లైనక్స్‌లో ఒకప్పుడు ఆర్‌డెస్క్‌టాప్ అనే క్లయింట్ ప్రోగ్రామ్ ఉండేది. దాని నుంచి 2009లో విడిపోయిన ఫ్రీఆర్‌డీపీ ఇప్పుడు దాదాపు అందరి ఇంజిన్. రెమీనా లాంటి ప్రోగ్రామ్‌ల లోపల పనిచేసేది అదే. రెండు జీబీ ర్యామ్, డ్యుయల్ కోర్ ప్రాసెసర్ ఉన్న పదేళ్లనాటి మెషీన్ దీనికి చాలు. 32 బిట్ ప్రాసెసర్లున్న మరీ పాతవాటి మీద మాత్రం ఆశ వదులుకోవడం మంచిది. 2025లో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ఇంకో మాట, పాత డెస్క్‌టాప్‌ని థిన్ క్లయింట్ అని పిలిచినంత మాత్రాన అది కరెంటు తక్కువ తాగదు. బిల్లు తగ్గాలన్నది లక్ష్యమైతే అరచేతిలో పట్టే చిన్న పెట్టెలు కొనుక్కోవాల్సిందే.

బల్ల మీది తాళాలు

లాక్ చేసిన మెషీన్ ఎలా ఉండాలి? పవర్ బటన్ నొక్కితే నేరుగా లాగిన్ తెర రావాలి. డెస్క్‌టాప్ ఉండకూడదు, మెనూ ఉండకూడదు, ఫైల్ మేనేజర్ ఉండకూడదు. సెషన్ మూసేస్తే మళ్లీ అదే లాగిన్ తెర. అంతకుమించి అక్కడ చేయడానికేమీ ఉండదు.

దీన్ని తయారుచేయడం కష్టమేమీ కాదు. గ్నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాప్‌లేవీ ఎక్కించకుండా కనీస డెబియన్ వేసి, ఏ అధికారాలూ లేని ఒక యూజర్‌ని ఆటోలాగిన్‌లో పెట్టి, ఆ యూజర్ సెషన్‌లో ఫ్రీఆర్‌డీపీ ఒక్కదాన్నే నడపాలి. తెర చూపించడానికి ఎక్స్ బదులు వేలాండ్ వాడేట్టయితే కేజ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఒకే అప్లికేషన్‌ని తెరంతా పరచడం తప్ప దానికి మరో పని రాదు, ఇక్కడ మనకి కావాల్సిందీ అదే. ఫ్రీఆర్‌డీపీ మూతపడితే మళ్లీ లేపే బాధ్యత, లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి అప్పగించవచ్చు.

ఆ తర్వాత పక్క తలుపులు చూసుకోవాలి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే టెక్స్ట్ కన్సోల్ వస్తుంది. ఎక్స్ వాడుతుంటే దాని కాన్ఫిగరేషన్‌లోనే ఆపేయాలి, వెనకాల ఆ కన్సోల్‌లో లాగిన్ అడిగే గెట్టీ సర్వీసులనూ మూసేయాలి. కంట్రోల్ ఆల్ట్ డిలీట్‌కి రీబూట్ అవకుండా చూడాలి. కెర్నెల్‌కి నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ కీ ఆపేయాలి. ఫ్రీఆర్‌డీపీలో కంట్రోల్ ఆల్ట్ ఎంటర్ నొక్కితే ఫుల్ స్క్రీన్ పోతుంది, ఆ షార్ట్‌కట్ తీసేసే ఆప్షన్ కూడా అందులోనే ఉంది. పెన్‌డ్రైవ్‌లు మౌంట్ అవకుండా యూఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూల్‌ని నిషేధించవచ్చు. ఇంకా కట్టుదిట్టంగా కావాలంటే యూఎస్‌బీగార్డ్‌తో, జాబితాలో ఉన్న పరికరాలనే అనుమతించవచ్చు. బయాస్‌కి పాస్‌వర్డ్ పెట్టి, యూఎస్‌బీ నుంచి బూట్ అవడం ఆపి, బూట్ మెనూ చూపించే గ్రబ్‌కి కూడా పాస్‌వర్డ్ పెట్టాలి. ఈ చివరి మూడు వదిలేస్తే ముందు చెప్పినవన్నీ దండగ. లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేస్తే చాలు, డిస్క్‌లో ఉన్నదంతా చేతికొస్తుంది.

వీటన్నిటికంటే నాకు ముఖ్యం అనిపించేది డిస్క్‌ని చదవడానికి మాత్రమే పరిమితం చేయడం. ఉబుంటులో ఓవర్‌లేరూట్ అనే ప్యాకేజీ ఉంది. డిస్క్ మీది సిస్టమ్‌ని అది ముట్టుకోనివ్వదు. జరిగే రాతలన్నీ ర్యామ్‌లోకి మళ్లిస్తుంది. మెషీన్ ఆపి మళ్లీ పెడితే ఆ రాతలన్నీ పోయి, మొదటిరోజు ఎలా ఉందో అలాగే లేస్తుంది. వేసవిలో కరెంటు పదిసార్లు పోయి వచ్చే ఊళ్లో, పాడైన యూపీఎస్ మీద నడిచే ఆఫీసులో దీని విలువ వేరు. ఎన్నిసార్లు హఠాత్తుగా ఆగినా ఫైల్ సిస్టమ్ దెబ్బతినదు. అయితే ర్యామ్ రెండు జీబీలే ఉన్నప్పుడు లాగ్‌లు నెమ్మదిగా దాన్ని తింటూ పోతాయి. రాత్రి కట్టేసే అలవాటు లేకపోతే కొన్నాళ్లకి మెషీన్ మొరాయిస్తుంది. లాగ్ సైజుకి హద్దు పెట్టి, రోజూ ఒకసారి రీబూట్ పెట్టేయడమే మందు.

బల్ల మీద వేసిన తాళాల అసలు ప్రయోజనం ఇదే. మెషీన్‌లో సొంతదంటూ ఏమీ మిగలకపోవడం వల్ల ఒకటి చెడితే పక్కదాన్ని తెచ్చి తగిలించవచ్చు. కొత్తగా చేరిన అమ్మాయి ఏ సీట్లో కూర్చున్నా తన సెషన్ తనకొస్తుంది. "నా కంప్యూటర్‌లో ఆ ఫైల్ ఉండేది సార్" అనే మాట ఆఫీసులో వినబడదు. దొంగతనం జరిగినా పోయేది పాత డబ్బా ఒక్కటే. ఇవన్నీ నిర్వహణ సుఖాలు. డేటా బయటికి పోకుండా ఆపడం వేరే సంగతి.

డేటాకి తాళం సర్వర్‌లో

క్లయింట్‌లో క్లిప్‌బోర్డ్ ఆపేశాం, డ్రైవ్ షేరింగ్ ఆపేశాం, ఇక డేటా బయటికి పోదు అనుకుంటారు. ఆ క్లయింట్‌ని పక్కనపెట్టి ఉద్యోగి తన సొంత ల్యాప్‌టాప్‌ని అదే నెట్‌వర్క్‌కి తగిలించి, అదే పాస్‌వర్డ్‌తో సర్వర్‌లోకి వెళ్తే? అతని ల్యాప్‌టాప్‌లో క్లిప్‌బోర్డ్ ఉంటుంది, డ్రైవ్ షేరింగ్ ఉంటుంది. సర్వర్ ఒప్పుకుంటే ఊళ్లోవాళ్ల ఖాతాల ఫోల్డర్ మొత్తం ఐదు నిమిషాల్లో కాపీ అయిపోతుంది. క్లయింట్‌లో పెట్టిన సెట్టింగ్ ఆ క్లయింట్‌ని మాత్రమే కట్టేస్తుంది, మనిషిని కట్టేయలేదు.

అందుకే క్లిప్‌బోర్డ్, డ్రైవ్, యూఎస్‌బీ మళ్లింపులను సర్వర్ వైపు, విండోస్‌లో నియమాలు పెట్టే గ్రూప్ పాలసీలోనే నిషేధించాలి. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ విభాగంలో వీటికి విడివిడిగా పాలసీలున్నాయి. అక్కడ వద్దంటే ఏ క్లయింట్ నుంచి వచ్చినా వద్దన్నట్టే. సర్వర్‌లో బ్రౌజర్ ఉండి, అందులో సొంత జీమెయిల్ తెరుచుకుంటుంటే ఈ నిషేధాలకీ అర్థం లేదు, ఆ దారి కూడా అక్కడే మూయాలి. ఏ మెషీన్లు సర్వర్‌ని తాకవచ్చో ఫైర్‌వాల్‌లో చెప్పాలి. వీలైతే స్విచ్ స్థాయిలోనే, సర్టిఫికెట్ ఉన్న మెషీన్‌ని తప్ప మరొకదాన్ని నెట్‌వర్క్‌లోకి రానివ్వని 802.1ఎక్స్ పెట్టాలి. ఇరవై మంది ఆఫీసుకి ఇది అతి అనిపించవచ్చు. అలాంటప్పుడు కనీసం థిన్ క్లయింట్లని వేరే వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లో విడిగా కట్టిన భాగంలో) పెట్టి, ఆఫీసు వైఫైని దానికి దూరంగా ఉంచినా చాలావరకు పని జరుగుతుంది.

ఇంత చేశాక కూడా జేబులో ఫోన్ ఉంటుంది, దానికి కెమెరా ఉంటుంది. తెరని ఫోటో తీయడాన్ని ఏ లైనక్స్ కాన్ఫిగరేషనూ ఆపలేదు. ఈ పద్ధతి టోకున కాపీ అయ్యే దారులు మూస్తుంది, చిల్లర దారులు మూయలేదు. యజమానికి ఈ మాట ముందే చెప్పేయడం మంచిది.

ఇంటి నుంచి పనిచేయడానికి 3389 పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. 2019 మే నెలలో బయటపడ్డ బ్లూకీప్ లోపంలో, పాత విండోస్‌లలోకి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా ఈ దారిలో చొరబడే వీలుండేది. ఆ లోపం మూసుకుపోయినా, పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టే ప్రోగ్రామ్‌లు ఇరవై నాలుగ్గంటలూ ఇంటర్నెట్ అంతా తిరుగుతూనే ఉంటాయి. పోర్టు నంబర్ 3390కి మార్చడం వాటికి ఒక లెక్క కాదు. వీపీఎన్ గానీ, 443 పోర్టు మీద నడిచే ఆర్‌డీ గేట్‌వే గానీ మధ్యలో ఉండాలి, దానికి రెండో అంచె ధ్రువీకరణ తోడవ్వాలి.

లాగిన్ దగ్గర జారే చోట్లు

సౌకర్యం కోసం పాస్‌వర్డ్‌ని స్టార్టప్ స్క్రిప్టులోనే రాసేసేవాళ్లున్నారు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి లేకపోతే అది గోడ మీద రాసినట్టే. పైగా అందులో ఇంకో గమ్మత్తుంది. యూజర్ పాస్‌వర్డ్ మారిందనుకోండి. మెషీన్‌లో పాతదే ఉంది. ఫ్రీఆర్‌డీపీ విఫలమవుతుంది, సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ లేపుతుంది, మళ్లీ విఫలమవుతుంది. నిమిషం తిరక్కముందే ఆ ఖాతా లాక్ అయిపోతుంది. అడ్మిన్ అన్‌లాక్ చేస్తాడు, మరో నిమిషంలో మళ్లీ లాక్. ఎవరో హ్యాక్ చేస్తున్నారని ఆఫీసంతా హడావుడి పడుతుంది, చేస్తున్నది మాత్రం రిసెప్షన్ బల్ల మీది మన మెషీనే. పాస్‌వర్డ్ ప్రతిసారీ మనిషే కొట్టాలి, మళ్లీ ప్రయత్నించే ముందు కొన్ని సెకన్ల విరామమూ ఉండాలి.

సెషన్ తెరవకముందే గుర్తింపు అడిగే ఎన్ఎల్ఏ పద్ధతిని ఆపొద్దు. దానితో వచ్చే చిన్న ఇబ్బంది, గడువు తీరిన పాస్‌వర్డ్‌ని ఆ లాగిన్‌లోనే మార్చుకునే వీలు లేకపోవడం. సోమవారం పొద్దున్నే నలుగురు లోపలికి వెళ్లలేక నిలబడతారు. ఆర్‌డీ వెబ్ యాక్సెస్‌లో పాస్‌వర్డ్ మార్చే పేజీ పెట్టడమో, గడువుకి ముందే గుర్తుచేయడమో చేయాలి. కొందరు ఈ గొడవెందుకని ఎన్ఎల్ఏనే తీసేస్తారు, అది తప్పుడు బేరం.

అంతకంటే ఎక్కువమంది తీసేది సర్టిఫికెట్ తనిఖీ. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు "ఈ సర్వర్ సర్టిఫికెట్‌ని నమ్మలేను" అని ఫ్రీఆర్‌డీపీ అంటుంది. ఇంటర్నెట్‌లో వెతికితే అందరూ చెప్పేది ఒకటే ఆప్షన్, సర్టిఫికెట్‌ని పట్టించుకోకు అని. అది పెట్టిన రోజు నుంచి మధ్యలో ఎవరు కూర్చుని సర్వర్‌లా నటించినా క్లయింట్ నమ్మేస్తుంది. ఆఫీసు సొంత సర్టిఫికెట్ అథారిటీ ఒకటి తయారుచేసి, దాని రూట్ సర్టిఫికెట్‌ని క్లయింట్ ఇమేజ్‌లో పెడితే ఆ హెచ్చరికే రాదు. ఒక పూట పని.

ఇక్కడ పాత మెషీన్ల తంటా ఒకటుంది. మదర్‌బోర్డు మీది గుండ్రటి సీమాస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే, ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తేదీకి మన సర్టిఫికెట్ ఇంకా పుట్టి ఉండదు, కాబట్టి చెల్లదు. విండోస్ నెట్‌వర్క్‌లో గుర్తింపు చూసే కెర్బెరాస్ అయితే ఐదు నిమిషాల తేడాకే తలుపు వేసేస్తుంది. నెట్‌వర్క్ నుంచి టైమ్ తెచ్చుకున్నాకే ఫ్రీఆర్‌డీపీ మొదలయ్యేలా పెట్టుకోవాలి. లేదంటే కొత్త బ్యాటరీ వేయించుకోవాలి, ఖర్చు తక్కువే.

కదలకుండా ఉంచడం అంటే పాతబెట్టడం కాదు

డిస్క్ రాతలకి అతీతం కాబట్టి అప్‌డేట్లు కూడా ఎక్కవు. చాలాచోట్ల ఇదే మంచిదనుకుని మూడేళ్లు అలాగే వదిలేస్తారు. 2018 మార్చిలో, లాగిన్ వివరాలను సర్వర్‌కి చేరవేసే క్రెడ్‌ఎస్‌ఎస్‌పీలోని లోపాన్ని సరిదిద్దుతూ మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ ఇచ్చింది. అదే ఏడాది మే అప్‌డేట్‌తో, ప్యాచ్ లేని సర్వర్‌తో కనెక్షన్‌కి క్లయింట్ ఒప్పుకోకపోవడాన్ని డిఫాల్ట్ చేసింది. క్లయింట్ అప్‌డేట్ అయి, సర్వర్ అవని ఆఫీసుల్లో రిమోట్ డెస్క్‌టాప్‌లు ఎర్రర్ చూపించాయి. ఒకవైపు మారుతూ ఉంటే రెండోవైపు రాయిలా ఉండటం కుదరదు.

ఆపద అటునుంచి కూడా రావచ్చు. 2019 ఫిబ్రవరిలో చెక్ పాయింట్ పరిశోధకులు ఆర్‌డీపీ క్లయింట్లను తవ్వి మొత్తం 25 లోపాలు బయటపెట్టారు. ఆర్‌డెస్క్‌టాప్, ఫ్రీఆర్‌డీపీ రెండిట్లోనూ ఉన్నాయవి. వైరస్ పట్టిన సర్వర్‌కి కనెక్ట్ అయిన క్లయింట్‌లోకి తిరుగుదారిలో దూరవచ్చన్నది దాని సారాంశం. కాబట్టి నెలకొకసారైనా ఓవర్‌లే తీసి, అప్‌డేట్ చేసి, మళ్లీ మూసే ఏర్పాటు ఉండాలి. ఇరవై మెషీన్లకి ఒక్కోదాని ముందూ కూర్చోనక్కర్లేదు. ఒక మాస్టర్ ఇమేజ్ తయారుచేసి నెట్‌వర్క్ నుంచే బూట్ చేయిస్తే, ఆ ఒక్కదాన్ని మారిస్తే మర్నాడు పొద్దున అందరికీ కొత్తది వస్తుంది. ఎల్‌టీఎస్‌పీ చేసేది సరిగ్గా ఇదే.

బల్ల మీద మిగిలే సామాన్లు

ఇంతవరకు చెప్పినవి ఏ దేశంలోనైనా ఒకటే. మన ఆఫీసుల్లో ప్రాజెక్టు ఆగిపోయేది పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సంతకం (డీఎస్‌సీ) టోకెన్ దగ్గర.

ఆడిటర్ గారి డీఎస్‌సీ టోకెన్‌ని సర్వర్‌కే గుచ్చేసి అందరం వాడుకుందాం అనేది అందరికీ వచ్చే మొదటి ఆలోచన. కుదరదు. రిమోట్ సెషన్‌లో ఉన్నప్పుడు విండోస్ చూపించే స్మార్ట్‌కార్డ్ రీడర్లు మనం కూర్చున్న వైపువే, సర్వర్‌కి గుచ్చినది ఆ సెషన్‌కి కనబడదు. అంటే టోకెన్ థిన్ క్లయింట్‌కే పెట్టాలి. దాన్ని లైనక్స్‌లోని పీసీఎస్‌సీ సర్వీసు స్మార్ట్‌కార్డ్ రీడర్‌గా గుర్తించాలి, ఫ్రీఆర్‌డీపీ దాన్ని అవతలికి మళ్లించాలి, సర్వర్‌లో ఆ టోకెన్ డ్రైవర్ ఉండాలి. అన్ని టోకెన్లూ ఈ మూడు మెట్లూ ఎక్కవు. మెషీన్లన్నీ మార్చకముందే ఆఫీసులో ఉన్న ప్రతి రకం టోకెన్‌నీ ఒకసారి పెట్టి చూడాలి.

అది దాటాక ఇంకోటి. జీఎస్టీ పోర్టల్ సంతకానికి వాడే ఈఎంసైనర్ లాంటి ప్రోగ్రామ్‌లు మెషీన్ లోపలే ఒక లోకల్ పోర్టు తెరిచి, బ్రౌజర్‌తో దాని ద్వారా మాట్లాడతాయి. సొంత పీసీలో బాగానే ఉంటుంది. ఒకే సర్వర్‌ని ఇరవై మంది పంచుకుంటున్నప్పుడు లోకల్ పోర్టులు అందరికీ ఉమ్మడి. ఒకరు తెరిచాక రెండోవారికి ఆ పోర్టు దొరకదు, సంతకం అవదు. రిటర్నుల గడువు రోజున ఇది బయటపడితే ఆఫీసులో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సంతకాలు చేసే ఇద్దరు ముగ్గురికి విడిగా మామూలు విండోస్ 11 పీసీలు ఉంచేయడమే నా సలహా. దీనిమీద పట్టుదలకి పోవడం అనవసరం.

తెలుగు టైపింగ్ సంగతి కాస్త తేలిక. క్లయింట్‌లో తెలుగు కీబోర్డ్ వేసినా సర్వర్‌లో ఇంగ్లీషే పడుతోందని ఫిర్యాదు వస్తుంది. ఆర్‌డీపీ సాధారణంగా అక్షరాన్ని పంపదు, ఏ కీ నొక్కారన్న నంబరుని పంపుతుంది. ఆ కీ "క" అవ్వాలో "k" అవ్వాలో తేల్చేది సర్వర్. కాబట్టి ఇన్‌స్క్రిప్ట్ అయినా ఫొనెటిక్ అయినా సర్వర్‌లో ఎక్కించాలి, క్లయింట్‌ని మామూలు యూఎస్ లేఅవుట్‌లో వదిలేయాలి. క్లయింట్‌లో ఐబస్ లాంటి టైపింగ్ ప్రోగ్రామ్‌లు పెట్టినా ఉపయోగం ఉండదు.

ప్రింటర్లని క్లయింట్ ద్వారా మళ్లించడం సాధ్యమే, కానీ డ్రైవర్ల గొడవ తేలదు. ప్రింటర్‌కి నెట్‌వర్క్‌లో ఐపీ ఇచ్చి సర్వర్ నుంచి నేరుగా ప్రింట్ పెట్టుకోండి. యూఎస్‌బీ డాట్ మ్యాట్రిక్స్ ఉంటే ఒక చిన్న ప్రింట్ సర్వర్ పెట్టె కొనండి.

లైనక్స్ ఉచితం, విండోస్ కాదు

క్లయింట్‌లో లైనక్స్ వేయడంతో లైసెన్సు ఖర్చు పోతుందని చాలామంది లెక్క కడతారు. పోయేది బల్ల మీది విండోస్ ఖర్చు మాత్రమే. విండోస్ సర్వర్‌లో ఇద్దరు అడ్మిన్లకి మించి ఒకేసారి పనిచేయాలంటే ఆర్‌డీఎస్ క్యాల్ అనే లైసెన్సు మనిషికొకటో, మెషీన్‌కొకటో కొనాలి. సర్వర్ క్యాల్ దానికి అదనం. రెండు షిఫ్టులు నడిచే చోట మెషీన్ లెక్కన కొంటే కలిసొస్తుంది. ఇంటి నుంచీ ఆఫీసు నుంచీ పనిచేసేవాళ్లుంటే మనిషి లెక్క మేలు. మొదటి 120 రోజులు లైసెన్సు లేకుండానే నడుస్తుంది, అదే అసలు ఉచ్చు. అంతా బాగుందనుకుని మర్చిపోతారు, నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున ఎవరికీ సెషన్ తెరుచుకోదు.

విండోస్ ప్రో వేసిన పీసీనే సర్వర్‌గా వాడదామంటే ఒకసారి ఒక్కరికే సెషన్ ఇస్తుంది. దాన్ని వంచడానికి ఇంటర్నెట్‌లో రాపర్లనే ప్రోగ్రామ్‌లు దొరుకుతాయి. అవి లైసెన్సు ఉల్లంఘన, పైగా విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా పనిచేయడం మానేస్తాయి. ఆడిట్ చేసే ఆఫీసే అలాంటిది వాడటం ఏం బాగుంటుంది? మైక్రోసాఫ్ట్ 365 ఆఫీసు ప్రోగ్రామ్‌లు ఉమ్మడి సర్వర్‌లో నడవాలంటే షేర్డ్ యాక్టివేషన్ ఉన్న ప్లానే కావాలి, అది అన్ని ప్లాన్లలో ఉండదు. ఈ లెక్కలన్నీ వేసి, ఇరవై కొత్త పీసీల ధరతో పక్కపక్కన పెట్టి చూడండి. కొన్నిసార్లు కొత్త పీసీలే చౌక అని తేలుతుంది. ఖర్చులో కాస్త దగ్గరగా ఉన్నా నేను థిన్ క్లయింట్ వైపే మొగ్గుతాను, నిర్వహణ ఒకచోటికి చేరుతుంది కాబట్టి. కానీ పది శాతం ఆదా కోసం ఇంత పని పెట్టుకోను.

సర్వర్ మీద మాత్రం పిసినారితనం వద్దు. టాలీ తక్కువే తింటుంది, మెమరీని మింగేది బ్రౌజర్. మనిషికి రెండు నుంచి నాలుగు జీబీ వేసుకోవాలి. లాగాఫ్ చేయకుండా మెషీన్ కట్టేసి వెళ్లేవాళ్ల సెషన్లు సర్వర్‌లో అలాగే బతికి ఉంటాయి. కొన్ని గంటల తర్వాత వాటిని మూసేసే పాలసీ లేకపోతే వారాంతానికి సర్వర్ నత్తనడక పడుతుంది. సర్వర్‌కి ఒకదానికొకటి నకలుగా ఉండే రెండు డిస్కులు, బయట ఇంకోచోట బ్యాకప్, స్విచ్‌కి యూపీఎస్ ఉండాలి. ఇరవై మంది పని ఇప్పుడు ఒకే పెట్టె మీద ఉంది.

సొంతంగా తయారుచేసుకునే ఓపిక లేకపోతే రెడీమేడ్‌వి ఉన్నాయి. థిన్‌స్టేషన్ ఉచితం. ఐజెల్ ఓఎస్, హెచ్‌పీ థిన్‌ప్రో డబ్బు పెట్టి కొనుక్కునేవి, అవి కూడా లైనక్స్ మీద కట్టినవే. ఇరవై మెషీన్ల వరకు డెబియన్, ఒక మంచి స్క్రిప్టు చాలు. యాభై దాటితే, అందులో సగం వేరే ఊళ్లలో ఉంటే, ఒకచోటి నుంచి అన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టడం దండగ కాదు.

రోజంతా వీడియో కాల్స్‌లో ఉండే మార్కెటింగ్ వాళ్లని ఇందులోకి లాగొద్దు. కెమెరా బొమ్మ ముందు సర్వర్‌కి వెళ్లి, అక్కడి నుంచి మీటింగ్‌కి వెళ్లి, మళ్లీ తిరిగి తెరకి రావాలి, మాటకీ పెదవికీ పొంతన ఉండదు. పేజీలు డిజైన్ చేసే డీటీపీ ఆపరేటర్‌ని కూడా వదిలేయండి. మిగిలినవాళ్లలో ముందు ముగ్గురికి పెట్టి, ఒక నెల రిటర్నుల గడువు దాటే వరకు చూసి, ఆ తర్వాతే మిగతా మెషీన్లలో విండోస్ చెరపండి.